లూదియా బండల లెక్క

నంద్యాలలో పత్తి మిల్లు వెనక సందులోకి వచ్చి లూదియా ఇల్లు ఏదని అడిగితే, చెప్పేవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. "ఆ కలలు కనే ఆయమ్మదా?" అని, అప్పుడు చెయ్యి చూపించేవాళ్ళు. నవ్వేవాళ్ళదేం పోయింది. పట్టపగలు, కళ్ళు తెరిచే, ఎసరు ముందు కూచుని కలగనే మనిషన్న మాట మాత్రం నిజమే. ఎసరు పొంగి పొయ్యి చల్లారిపోయినా ఆమె ఉలిక్కిపడేది కాదు. తడిసిన కట్టెలు మెల్లగా పక్కకు తీసి, ఏదో మంచి కబురు విన్నదానిలా తనలో తాను నవ్వుకుంటూ మళ్ళీ ఊదేది.

కలలు కనేవాళ్ళకు లెక్కలు రావని ఎవరు చెప్పారో గానీ, లూదియా లెక్కలన్నీ నేల మీదే ఉండేవి. వాళ్ళ ఒంటిగది ఇంటికి నాపరాతి బండలు పరిచి ఉన్నాయి. గోడవారగా ఉన్న బండల్లో ఒక్కొక్కదానికి ఆమె ఒక పేరు పెట్టుకుంది. కిటికీ కింద నున్నగా ఉన్నది బియ్యం బండ. పొయ్యి పక్కన మసిబారినది కిరసనాయిలూ కట్టెలూ. గడప దగ్గరిది అద్దె బండ, ఎందుకంటే ఇంటాయన నెల పుట్టగానే వచ్చి అక్కడే నిలబడతాడు. మొగుడు ఏలీయా మిల్లులో పత్తి బేళ్ళు కట్టేవాడు. జీతం రోజు అతను తెచ్చిన నోట్లు పెట్టెలో దాచి, లూదియా చింతగింజల డబ్బా తీసేది. రూపాయికి ఒక గింజ. ఒక్కో బండ మీద దాని వాటా గింజలు పేర్చేది, ఖర్చయినకొద్దీ తీసి డబ్బాలో వేసేది. ఎవరైనా చూసుకోకుండా కాలు పెడితే "నా కందిబ్యాళ్ళు తొక్కినావు గదా" అని కసిరేది.

మూలనున్న బండ మీద మాత్రం గింజలు ఉండవు. అది దేవుని బండ. దాని మీద మెడ సన్నటి మట్టికడవ ఒకటి, మూతికి కొబ్బరిచిప్ప బోర్లించుకుని కూచుని ఉండేది. గుడికి పోయే క్రైస్తవుల ఇళ్ళల్లో ఉన్న అలవాటే అది. అన్నానికి బియ్యం తీసేటప్పుడు దేవుని పేర ఒక పిడికెడు పక్కన వేస్తారు. నెలకొకసారి ఆ కడవలు గుడికి పోతాయి. అక్కడ కొలిచి, వేలం పాడి, వచ్చిన దుడ్లు ఇంకా లేనివాళ్ళకు ఇస్తారు. ఆళ్లగడ్డలో లూదియా తల్లి ఈ అలవాటుకు తన మాట కొంచెం కలిపింది. "ఇంట్లో నోళ్ళు ఎన్నో, దినానికి అన్ని పిడికిళ్ళు. కడవలోకి తొంగి చూడగూడదు. ఇచ్చి లెక్కబెట్టుకుంటే ఇచ్చినట్టు కాదు." పెళ్ళయిన నాటి నుంచి లూదియా రోజుకు రెండు పిడికిళ్ళు వేస్తూ వచ్చింది. ఒక్కనాడూ తొంగి చూసింది లేదు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో, శనగ పీకే రోజుల్లో, ఆ ఇంటికి ఒక మూట వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు దిగి ఆదెమ్మ తెచ్చింది. ఆదెమ్మ అంటే లూదియా చెల్లెలు దెబోరాకు అత్త. దెబోరా కాన్పయిన కొన్నాళ్ళకే జ్వరం తగిలి చనిపోయింది. ఆమె మొగుడు కూలిపనుల వెంట ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. మూడు నెలల ఆడబిడ్డ ఈ ముసలామె చేతుల్లో పడింది.

ఆదెమ్మ నీళ్ళు కూడా తాగకుండా విషయం చెప్పేసింది. "అమ్మీ, నాకు కండ్లు అవుపడవు. చేతులు వణుకుతాండాయి. పాలు తాపితే సగం దాని చెవిలోకి పోతాండాయి. కోయిలకుంట్లలో పిల్లల్లేని వాళ్ళుండారు. శనగల యాపారం, మిద్దె ఇల్లు. బిడ్డను అడగతాండారు. నీ చెల్లెలి కడుపున పుట్టింది గాబట్టి ముందు నీ తాన అడిగి పోదామని వచ్చినా."

లూదియా మూట విప్పింది. బిడ్డ నిద్రపోతోంది. పై పెదవి అచ్చం దెబోరాదే, ఏదో అడగబోయి మానుకున్నట్టు కొంచెం ముందుకు వచ్చి ఉంది. చెల్లెలు పోయినప్పుడు ఏడవగా మిగిలిన ఏడుపు అంతా అప్పుడు వచ్చింది లూదియాకు. ఏడుస్తూనే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. తీసుకోవడమే గానీ మళ్ళీ దించింది లేదు.

సాయంత్రం ఏలీయా జీతం తీసుకుని వచ్చాడు. తల మీద, కనుబొమల మీద పత్తి నూగు అంటుకుని పండు ముసలివాడిలా ఉన్నాడు. గడప దగ్గరే నిలబడి అంతా విని, "మనకు చేతగాదు" అన్నాడు.

పిసినారితనంతో అన్న మాట కాదది. పెళ్ళయిన రెండో ఏడు వాళ్ళకొక కొడుకు పుట్టి, నెల తిరగకముందే పోయాడు. మందుకు దుడ్లు తక్కువపడి ఏలీయా ఆ రోజు సందు సందూ తిరిగి, దొరికించుకుని వచ్చేసరికి ఇంట్లో ఏడుపులు వినిపించాయి. అప్పటి నుంచి అతను పసిబిడ్డలున్న ఇంటి ముందు నిలబడేవాడు కాదు. లూదియాకు ఇది తెలుసు. తెలుసు కాబట్టే ఆమె అరవలేదు, అలగలేదు. బిడ్డను ఒళ్ళోనే పెట్టుకుని చింతగింజల డబ్బా ముందుకు జరుపుకుంది.

"మామా, ఒక నెల చూద్దాం. జీతం కాడి నుంచి జీతం దాంకా. లెక్క సరిపోతే పెట్టుకుందాం."

ఏలీయా చాలాసేపు బండల వైపు చూశాడు. "ఏ బండ మీద గింజలూ ముందుగా అయిపోగూడదు. బియ్యం డబ్బా అడుగు అవుపడగూడదు. అప్పు అడగగూడదు. ఇవన్నీ జరిగితే బిడ్డ మనది. ఒక్కటి తప్పినా కోయిలకుంట్లకు పోతాది. దానికి ఆడ సుఖంగా ఉంటాది గదా, మన తాన ఉండి మందు లేక చచ్చేదానికంటే."

"సరే" అంది లూదియా.

"సరే" అంది ఆదెమ్మ కూడా. "మళ్ళా జీతం దినం శనివారం వస్తాది గదా, ఆ పొద్దుకు వస్తా. ఆదివారం గుడి అయినాక ఏదో ఒకటి చెప్పి పంపియ్యండి." పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయింది. బిడ్డ ఉండిపోయింది.

జీతం నూట అరవై. అంతకుముందు వరకు అది ఇద్దరికి బొటాబొటిగా సరిపోయేది. ఇప్పుడు లూదియా గోడవారగా ఇంకో మూడు బండలకు పేర్లు పెట్టింది. పాల బండ, సబ్బూ నూనెల బండ, మందు బండ. మందు బండ మీద గింజలు ఏలీయా తన చేత్తోనే పెట్టాడు, పెట్టి "వీటి జోలికి పోగూడదు" అన్నాడు. ఉన్న గింజలు అవే, బండలు మాత్రం పెరిగాయి. ఒక బండ మీద పెట్టాలంటే ఇంకో బండ మీది నుంచి తీయాల్సిందే.

ఏలీయా సాయంత్రం టీ పోయింది. లూదియా తమలపాకులు పోయాయి. పండగకు కొనాలనుకున్న చీర గింజలు రెండు వాటాలై, ఒక వాటా పాలకు, ఒక వాటా సబ్బుకు వెళ్ళాయి. ఏలీయా పాత పంచె చింపితే బిడ్డకు కావలసినన్ని గుడ్డలు వచ్చాయి. లూదియా పెళ్ళి చీర దూలానికి కట్టి ఉయ్యాల చేసింది. అంగట్లో పూల బొమ్మలున్న పౌడరు డబ్బా ఒకటి ఉండేది. అటు పోయినప్పుడల్లా దాన్ని చూసి, మనసులోనే కొని, మనసులోనే బిడ్డకు పూసి ఇంటికి వచ్చేది. దానికి గింజ ఖర్చు లేదు కదా.

అన్నిటికంటే పెద్ద ఖర్చు పాలు. పక్కింటి చాంద్‌బీకి బర్రె ఉంది. దినానికి అర లీటరు, అంటే నెలకు ముప్పై రూపాయలు.

"లూదియక్కా, నీళ్ళు నువ్వే కలుపుకో, నేను కలిపియ్యను. అందరికీ కలిపిస్తాండా గానీ నీ బిడ్డకు కలిపియ్యను" అంది చాంద్‌బీ. అని, గేటు దగ్గర ఉన్న పేడకుప్ప చూపించింది. "పిడకలు కొట్టేదానికి నాకు నడుం వంగల్యా. నువ్వు కొట్టిస్తే పది రూపాయలు తగ్గించుకుంటా."

లూదియా పిడకలు కొట్టింది. పాల బండ మీది పది గింజలు బియ్యం బండ మీదికి నడిచి వెళ్ళాయి. ఆ రోజు ఆమె మురిసిపోయిన తీరు చూడాలి.

మధ్యాహ్నాలు మరీ బాగుండేవి. కిటికీలోంచి ఎండ వాలేది. మిల్లు నుంచి గాలికి కొట్టుకొచ్చిన పత్తి నూగు ఆ ఎండలో పైకీ కిందికీ తేలుతూ ఎక్కడా వాలేది కాదు. ఉయ్యాల మెల్లగా ఊగేది. లూదియా ఒక కాలు చాపి, కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు తగిలించుకుని, గింజల మధ్య కూచునేది. పాల బండ మీద ఉన్న గింజలు చూస్తూ ఉండగానే అవి పాలు కాకుండా పోయేవి. పలకా బలపాలూ అయ్యేవి. పిల్లకు నాలుగేళ్ళు నిండేవి. రెండు జడలు వేసి ఎర్ర రిబ్బను కడితే కదలకుండా కూచునేది కాదు. సబ్బు గింజలు గాజులయ్యేవి. అద్దె గింజలు పోగుపడి పోగుపడి ఈ ఇల్లే సొంతమయ్యేది. పిల్ల పెద్దదై తెల్లచీర కట్టి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి పోయేది, మందు లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపేది కాదు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దానిదే. శిరివెళ్ళ దగ్గర బస్సు ఆగితే వేయించిన శనగలు కొనుక్కుని, "అమ్మా, తిను" అని ఒళ్ళో పోసేది.

అమ్మా అని ఎవరూ పిలవకపోయినా లూదియాకు వినిపించేది. ఉయ్యాల ఆగిపోయినట్టు కూడా తెలిసేది కాదు.

"అక్కా, దానికి పండ్లు మొలవకముందే పెండ్లి జేస్తాండావా ఏంది?" అనేది చాంద్‌బీ గడపలోంచి. "పాలు కాగబెట్టు, ఇరిగిపోతాయి."

ఏలీయా మాత్రం బిడ్డను ఎత్తుకోలేదు. చుట్టూ తిరిగి నడిచేవాడు. "ఎప్పుడూ ఎత్తుకొనే ఉండొద్దు, అలవాటు అయితాది" అని లూదియాను కసిరేవాడు. ఎవరికి అలవాటవుతుందో చెప్పేవాడు కాదు. కానీ రోజూ సందు చివరే చొక్కా విప్పి, దులిపి, ముఖం కడుక్కుని లోపలికి రావడం మొదలుపెట్టాడు. నూగుకు బిడ్డ తుమ్ముతుందని లూదియా అతనికి చెప్పనేలేదు. ఆమె చూసి చూడనట్టు ఊరుకుంది.

తెల్లారుజామున అతను మిల్లుకు పోయే వేళకు ఆమెకు ఇంకా సగం నిద్ర. బిడ్డ ఒంటి వెచ్చదనం పక్కనే ఉండేది. ఆ మగతలో ఒక్కో రోజు మూలన కొబ్బరిచిప్ప కదిలిన చప్పుడు వినిపించేది. కల అనుకునేది. కలల్లో అలాంటి చప్పుళ్ళు ఎన్ని రావు.

అన్ని బండలూ మాట విన్నాయి. జీతం ఇంకో మూడు రోజులుందనగా పాల బండ మీద సరిగ్గా మిగలాల్సినవే మిగిలాయి. మందు బండ ముట్టనే లేదు. కిరసనాయిలు కూడా ఒక గింజ మిగిలేలా ఉంది. లూదియా మనసు గాలిలో తేలుతోంది. అన్నానికి బియ్యం తీద్దామని డబ్బాలో చెయ్యి పెట్టింది.

చేతికి రేకు తగిలింది.

డబ్బా వంచి చూసింది. మూలల్లో పిడికెడు బియ్యం. మూడు రోజుల బియ్యం ఉండాలి, లేవు. ఎలుకలు పడ్డాయేమోనని డబ్బా చుట్టూ వెతికింది. మూత గట్టిదే. రోజూ కొలిచే గ్లాసు తీసి చూసింది. గ్లాసూ అదే. సాయంత్రం ఏలీయాకు డబ్బా చూపించింది.

ఏలీయాకు ఒళ్ళు మండింది. "అంగడాయప్ప తూకంలో దొబ్బినాడు" అని ఖాళీ సంచి పట్టుకుని వెళ్ళి, బజారు వినేటట్టు అరిచాడు. అంగడాయన మారుమాటాడకుండా రాళ్ళు తెచ్చి, పక్క అంగడి తక్కెడలో పెట్టించి చూపించాడు. రాళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఏలీయా తల వంచుకుని తిరిగొచ్చాడు.

"తూకం మంచిదే" అన్నాడు. కొంచెంసేపటికి, "చెప్పినా గదా, మనకు చేతగాదని" అన్నాడు.

లూదియాకు అప్పుడు అనుమానం తన మీదికే మళ్ళింది. ఇంకెవరిది తప్పు? కలగంటూ కొలిచి ఉంటుంది. ఒక గ్లాసు అనుకుని రెండు పోసి ఉంటుంది. పిల్లకు తెల్లచీర కట్టించి బస్సెక్కించే ధ్యాసలో, పిల్ల ఇంట్లో ఉండడానికి కావలసిన బియ్యమే పారబోసుకుంది. ఆమె ఏడవలేదు. ఇక కలగననని మాత్రం అనుకుంది. ఆ మూడు రోజులు ఎసరు పొంగలేదు, పాలు విరగలేదు. ఎండలో పత్తి నూగు తేలుతున్నా ఆమె చూపు దాని మీదికి పోలేదు. చాంద్‌బీ వద్దంటున్నా జొన్నపిండి ఇచ్చి పోయింది. రొట్టె తట్టుకుని తిన్నారు. మూలన దేవుని కడవ నిండా బియ్యం ఉన్నాయి. అటు వైపు చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పక్కింటాయన బియ్యం ఎంత పరాయివో అవీ అంతే.

శనివారం జీతమూ వచ్చింది, ఆదెమ్మా వచ్చింది. ఆమె అడగకముందే లూదియా చెప్పింది.

"బియ్యం అయిపోయినాయత్తా."

ఆదెమ్మ ఆమె ముఖం చూసి, "సరేలే అమ్మీ" అంది. ఇంకేం అంటుంది.

లూదియా బిడ్డ గుడ్డలన్నీ ఉతికి ఆరేసి మడిచింది. మిగిలిన సబ్బుముక్క కాగితంలో చుట్టింది. మందు బండ మీది గింజలు డబ్బాలో వేసి, వాటికి సరిపడా రూపాయలు పెట్టెలోంచి తీసి, బిడ్డ గుడ్డ కొంగున ముడి వేసింది. "ఇవి మందు దుడ్లు. ముట్టలేదు. కోయిలకుంట్ల వాళ్ళకు చెప్పత్తా, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యొద్దని" అంది. ఏలీయా లేచి సందులోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం అందరూ గుడికి వెళ్ళారు. బిడ్డను ఆదెమ్మ ఎత్తుకుంది. లూదియా కడవ ఎత్తుకుంది. కడవ ఎప్పటికంటే బరువుగా తోచింది. మూడు రోజులు రొట్టె తిని ఒంట్లో సత్తువ తగ్గిందేమో అనుకుని, చంక మార్చుకుంటూ నడిచింది. ప్రార్థనలో ఒక్క మాటా చెవికెక్కలేదు.

గుడి అయ్యాక వరండాలో ఆడవాళ్ళు కడవలతో కూచున్నారు. పాస్టరు అయ్యగారి భార్య జయలక్ష్మమ్మ శేరుతో ఒక్కొక్కరివీ కొలిచి గోతంలో పోస్తోంది. ఎన్నో ఏళ్ళుగా కొలిచే చెయ్యి ఆమెది. ఎవరింటి నుంచి ఎంత వస్తుందో ఆమెకు తెలుసు. లూదియా కడవ వంచింది. కొలిచింది. ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా బియ్యం ఇంకా పడుతూనే ఉన్నాయి. జయలక్ష్మమ్మ శేరు పట్టుకుని తలెత్తింది.

"ఏం లూదియమ్మా, ఇంట్లో ఇంకో నోరు పెరిగిందా?"

"లేదమ్మగారూ, ఇద్దరమే" అనబోయింది లూదియా. తెల్లారుజామున మగతలో వినిపించిన కొబ్బరిచిప్ప చప్పుడు అప్పుడు మళ్ళీ వినిపించింది. ఆమె తల తిప్పి చూసింది. వేపచెట్టు కింద మగవాళ్ళ మధ్య ఏలీయా నిలబడి, నేలను కాలి బొటనవేలితో గీకుతున్నాడు.

లూదియా కడవ అక్కడే వదిలేసి అతని దగ్గరికి నడిచింది. వెనకే బిడ్డను భుజాన వేసుకుని ఆదెమ్మా వచ్చింది.

"మామా, కడవలో నువ్వు ఏసినావా?"

"ఏందీ?"

"బియ్యం."

ఏలీయా నేల గీకడం ఆపాడు. "పొద్దున పోతా పోతా ఒక పిడికెడు ఏస్తాంటి" అన్నాడు. "మీ అమ్మే చెప్పె గదా, నోటికొక పిడికిలని. నువ్వు రెండే ఏస్తాండావు. ఇంట్లో ముగ్గురుంటే దేవునికి ఇద్దరని చెప్తే ఎట్ల?"

"అది పాలు తాగుతాది గానీ అన్నం తింటాదా?"

"పాలు తాగేది నోటితోనే గదా."

"మనది కాదంటివే నువ్వు."

"మనదైతాదో లేదో జీతం దినం తేలుతాదన్నా. ఇంట్లో ఉన్నదాన్ని లేదని ఎట్లంటా." అతని గొంతు తగ్గిపోయింది. "మన పిల్లోనికి ఎప్పుడూ ఎయ్యలేదు లూదియా. వాడు ఉన్నన్నాళ్ళూ మనం రెండే ఏస్తిమి. అది నా మనసులో ఉండిపోయింది."

లూదియా అక్కడే అరుగు మీద కూచుంది. "మరి బియ్యం డబ్బా?"

"అది నాకు తట్టలేదే. దేవునికి ఏసింది మన లెక్కలో తగ్గుతాదని నాకు యాడ తెలుసు. పోయి అంగడాయప్పతో కొట్లాడి గూడా వస్తిని."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మూడు రోజులుగా తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది. తన లెక్క తప్పలేదు. నెల సరిపోయింది. తన కలలు ఒక్క గింజ కూడా తినలేదు.

ఆదెమ్మ ముందుకొచ్చి ఏలీయా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూసింది. బేళ్ళ తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి, అరచెయ్యి తట్టంత ఉంది.

"ఈ చేత్తోనా అప్పా ఏసింది? ఈ పిడికిట్లో పట్టే బియ్యంతో నేను ఒక పొద్దు తింటా. నీ పిడికిలి నువ్వు ఎయ్యాల, దాని పిడికిలి అది ఎయ్యాల. దాని పేర నువ్వెవరు ఏసేదానికి?" అంటూ బిడ్డను భుజం మీది నుంచి దించి, ముడుచుకున్న ఆ చిన్న చేతిని చూపించింది. "దీంట్లో ఎన్ని గింజలు పడతాయో అంతే దాని లెక్క. ఆ మాత్రానికి మీ డబ్బా ఖాళీ అయితాదా?"

"అయ్యేది కాదత్తా" అంది లూదియా, నమ్మలేనట్టు.

"మల్లింకేం, పట్టుకో." ఆదెమ్మ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టేసింది.

"కోయిలకుంట్ల వాళ్ళు?"

"వాళ్ళకు శనగలుండాయి లేమ్మీ. నాకు బస్సు టైమయితాంది." ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఎవరినీ సాగనంపనివ్వకుండా ఆళ్లగడ్డ బస్సుకు ఒక్కతే వెళ్ళిపోయింది.

మరునాడు తెల్లారుజామున ఏలీయా మొదటిసారి బిడ్డను ఎత్తుకున్నాడు. కొత్త బియ్యం పోసిన డబ్బా మీద వంచి, దాని చెయ్యి లోపల ముంచాడు. బిడ్డ గుప్పిట మూసింది. కడవ మూతి దగ్గరికి తెచ్చారు. అది గుప్పిట తెరవదే. లూదియా బుజ్జగించింది, ఏలీయా ఈల వేశాడు. మిల్లు కూత మొదటిసారి కూసింది.

"పో మామా, జీతం కోస్తారు."

"కోయనీ. అది ఎయ్యనీ ముందు."

రెండో కూత కూసేసరికి బిడ్డకు ఏం తోచిందో వేళ్ళు విప్పింది. నాలుగో అయిదో గింజలు రాలాయి. ఒకటి అరచేతికే అంటుకుపోయింది. అది కూడా దేవునిదేనని ఏలీయా జాగ్రత్తగా ఒలిచి కడవలో వేసి, అప్పుడు పరిగెత్తాడు.

అయ్యగారు బాప్తిస్మం ఇచ్చినప్పుడు బిడ్డకు దెబోరా అని పేరు పెట్టారు. లూదియా కలలన్నీ నిజమయ్యాయంటే అబద్ధం. ఇల్లు సొంతం కాలేదు. మధ్యలో మిల్లు మూతపడి రెండేళ్ళు జొన్నరొట్టెతోనే గడిచింది, అప్పుడు ఏలీయా స్టేషను దగ్గర మూటలు మోశాడు. పౌడరు డబ్బా మాత్రం ఒకసారి కొన్నారు. పాల బండ మెల్లగా పలకల బండయింది, తర్వాత నోటు పుస్తకాల బండయింది. రెండు జడలూ ఎర్ర రిబ్బనూ వచ్చాయి, పిల్ల నిజంగానే కదలకుండా కూచునేది కాదు. ఎసరు మళ్ళీ పొంగసాగింది. సందులో జనం మళ్ళీ నవ్వసాగారు. రోజూ పొద్దున మూడు చేతులు కడవ మీదికి వంగేవి, ఎవరి పిడికిలి వాళ్ళు వేసేవాళ్ళు.

పిల్లకు పదేళ్ళు వచ్చిన ఏడాది, అంటే ఎనభైల చివర, ఒక నెల బియ్యం డబ్బా మళ్ళీ ఒక రోజు ముందే అడుగు చూపించింది. ఏలీయా తలవెంట్రుకలు ఈసారి పత్తి నూగు అంటకుండానే తెల్లబడ్డాయి. డబ్బాలోకి తొంగి చూసి పెళ్ళాం వైపు తిరిగాడు.

"అంగడాయప్పను తూకం అడిగి రమ్మంటావా?"

"కూచో మామా" అంది లూదియా. దెబోరా అప్పుడే పిడికిలి కడవలో వేసి, బడి సంచి తగిలించుకుంటోంది. లూదియా పిల్లను పిలిచి, ఆ చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసింది. రెండూ ఒకే కొలతకు వచ్చాయి.

"తూకం మంచిదే. పిల్ల చెయ్యి పెరిగింది" అంది. చింతగింజల డబ్బా తెరిచి, తన చీర కోసం పెట్టుకున్న గింజల్లోంచి రెండు తీసి బియ్యం బండ మీదికి జరిపింది.